సర్వర్ పాఠాలు 4: కంటికి ఒకటే పేరు, సర్వర్‌కి రెండు

కిందటి పాఠంలో లినక్స్ సర్వర్‌లోకి ఫైళ్లు ఎక్కించాం. ఎక్కించిన ఫైలు ఫోల్డర్లో కనిపిస్తూనే ఉన్నా, బ్రౌజర్లో 404 (ఫైలు దొరకలేదనే లోపం) వస్తే ఏం చేయాలో ఈసారి చూద్దాం.

నాకిది మొదటిసారి ఒక రెస్టారెంటు సైటు చేస్తున్నప్పుడు ఎదురైంది. ఫొటో పేరు ‘కెఫే’, ఫ్రెంచి స్పెల్లింగుతో, చివరి ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం మీద ఏటవాలు గీత. నా మ్యాక్‌లో బొమ్మ చక్కగా వచ్చింది, సర్వర్‌లో రాలేదు. పేర్లు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చాను, తేడా దొరకలేదు. తెల్లవార్లూ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ సెట్టింగులు తిరగేశాను. తప్పు అక్కడ లేనే లేదు.

గీత ఉన్న ఆ ‘ఈ’ని యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతిలో, రెండు రకాలుగా రాయొచ్చు. గీతతో కలిపి ఒకే అక్షరంగా రాస్తే యూటీఎఫ్-8లో (ఆ నంబర్లను బైట్లుగా దాచే పద్ధతి) రెండు బైట్లు: సీ3 ఏ9. దీన్ని ఎన్ఎఫ్‌సీ అంటారు. మామూలు ‘ఈ’ రాసి గీతను దాని వెనక విడిగా పెడితే మూడు బైట్లు: 65 సీసీ 81. ఇది ఎన్ఎఫ్‌డీ. తెర మీద రెండూ ఒకటే. కానీ లినక్స్‌లో ఫైళ్లను దాచే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 మామూలుగా బైట్లనే పోలుస్తుంది. లింకు %సీ3%ఏ9 అని (వెబ్ అడ్రసులో ఆ బైట్లను ఇలా రాస్తారు) అడిగి, డిస్కులో 65 సీసీ 81 ఉంటే, ఆ పేరుతో ఫైలు లేనట్టే.

మరి మ్యాక్‌లో ఎలా వచ్చింది? మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడగొట్టే దాచేది. 2017లో మ్యాక్‌కి వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇచ్చింది ఇచ్చినట్టు దాచినా, వెతికేటప్పుడు రెండు రూపాల్నీ ఒకటిగా చూస్తుంది. కాబట్టి మ్యాక్‌లో పరీక్షించి ధీమాగా ఉండకండి.

ఫ్రెంచి గొడవ మనకెందుకులే అనిపించొచ్చు. ‘హైదరాబాద్’ అని ఫైలుకు పేరు పెట్టి చూడండి. ఐత్వం ఒకే కోడుగా ఉంటే మూడు బైట్లు: ఈ0 బీ1 88. ఎత్వం, దాని కింది ఐత్వపు గుర్తు విడివిడిగా ఉంటే ఆరు. అదే చిక్కు, మన ఇంట్లోనే!

ఇప్పుడు చేతిపని. సర్వర్‌లో ఎల్ఎస్ కమాండు ఇచ్చే ఫైళ్ల జాబితాను, బైట్లు చూపించే ఎక్స్ఎక్స్‌డీకి పైపు చేయండి. ఐత్వం ఉన్నచోట ఈ0 బీ1 86, వెంటనే ఈ0 బీ1 96 కనిపిస్తే పేరు విడిపోయి ఉన్నట్టు. సరిచేయడానికి ఫైలు పేర్లు మార్చే కన్వ్ఎంవీ అనే టూల్ ఉంది. ‘నుంచి’, ‘కు’ రెండూ యూటీఎఫ్-8 అనే ఇచ్చి, ఎన్ఎఫ్‌సీ ఆప్షన్ పెట్టండి. మొదట అది ఏయే పేర్లు మారుస్తుందో చూపిస్తుందంతే. నోటెస్ట్ అని చెప్పాకే మారుస్తుంది. ఆ జాబితాను ఓపిగ్గా చదవండి, బ్యాకప్ తీసుకోండి. పేజీల్లోని లింకుల్నీ, డేటాబేసులోని పేర్లనీ కూడా ఎన్ఎఫ్‌సీకి మార్చాలి. చాలామంది ఫైళ్లు మార్చి వీటిని మరిచిపోతారు, 404 మళ్లీ మొదలవుతుంది.

పేర్లన్నీ ఇంగ్లిషులోనే పెట్టుకుంటే గొడవ ఉండదని కొందరంటారు. నేనొప్పుకోను. అప్‌లోడ్ తీసుకునే చోటే పేరును ఎన్ఎఫ్‌సీ చేస్తే తెలుగు పేరు నిక్షేపంగా పనిచేస్తుంది. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్లోని నార్మలైజ్‌తో అది ఒక్క వరుస పని. పేరు పొడవు మాత్రం చూసుకోండి: ఈఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు, తెలుగు కోడు ఒక్కోటి మూడు బైట్లు.

వచ్చే పాఠంలోపు ఒకటి చేసి రండి. ‘హైదరాబాద్’ చివర కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెట్టి ఒక ఫైలు, పెట్టకుండా ఒకటి సృష్టించి, రెండు పేర్లనూ ఎన్ఎఫ్‌సీ చేసి బైట్లు చూడండి. దాని బైట్లు ఈ2 80 8సీ అక్కడే ఉంటాయి. అయిదో పాఠం దానితోనే మొదలుపెడదాం.