రాక్ పాడే మగగొంతుకు స్టూడియో మైకు ఎంచుకోవడం ఎలా?

విజయవాడలో, గుంటూరులో సొంతంగా పాటలు రికార్డు చేసుకునే కుర్రాళ్లు నాలుగు డబ్బులు కూడగానే అడిగే ప్రశ్న ఒకటే: ఏ కండెన్సర్ మైకు (చిన్న చప్పుడును కూడా వదలకుండా పట్టే రకం) కొనాలి? సగం డబ్బు ఆ ప్రశ్నలోనే పోతుంది. పాడేది రాక్. పాడే చోటు కృష్ణలంకలోనో బ్రాడీపేటలోనో రెండో అంతస్తు గది. కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, నెత్తిన ఫ్యాను, కిటికీ కింద ఆటోలు. ఆ గదిలో గొంతెత్తి అరిచే మనిషికి నేను ముందుగా చెప్పేది మంచి డైనమిక్ మైకు (అంత సున్నితం కాని రకం) గురించే. అయితే దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పని కొంత ఉంది.

1. గదిని వినండి

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట కొట్టండి. దాని వెనకే సన్నని మోత వినిపిస్తే, ఖరీదైన మైకు ఆ మోతను కూడా అంతే శుభ్రంగా పట్టి ఇస్తుంది. తర్వాత ఫ్యాను ఆపి, ఫోనులో ఒక నిమిషం పాటు ఖాళీ గదిని రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో వినండి. ఫ్రిజ్ గుర్రుమనడం, ఇన్వర్టర్ మూలుగు, జంక్షన్ వైపు నుంచి రైలు కూత, పక్క వీధి పెళ్లి పందిట్లో మైకు సెట్టు, అన్నీ బయటపడతాయి. ఏది ఏ వేళకు వస్తుందో రాసుకోండి. మే నెలలో ఫ్యాను ఆపి పాడడమంటే శిక్షే కాబట్టి మన ప్రాంతంలో రికార్డింగుకు తెల్లవారుజామే మేలు. పక్కింటివాళ్లను ఒప్పించుకోవడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించకండి. వాటివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. పత్తి పండే జిల్లాలో ఉన్నాం, దూది పరుపులకు కొదవేముంది? బరువైన పాత పరుపులు రెండు తెచ్చి గాయకుడి వీపు వెనక నిలబెట్టండి. చాలామంది వాటిని మైకు వెనక పెడతారు. మైకు ముఖం గాయకుడి వైపు తిరిగి ఉంటుంది కనుక, గొంతుతో పాటు అది ఎక్కువగా వినేది అతని వెనకున్న గోడనే.

2. గొంతు స్వభావం తేల్చుకోండి

మాట్లాడేటప్పుడు మగగొంతు అసలు స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. రాక్‌లో చరణం దాటి పైకి ఎత్తుకుంటే అది 400 హెర్ట్జ్ దాటడం మామూలే. అయితే మైకు ఎంపికలో తేడా తెచ్చేది గొంతులోని జీర. ఆ గరుకుదనం ఎక్కువగా 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ ప్రాంతంలో వినిపిస్తుంది, మనిషి చెవి బాగా చురుగ్గా ఉండేది కూడా అక్కడే. చవక కండెన్సర్లలో చాలావాటికి పై శ్రుతులను ఎత్తి చూపే గుణం ఉంటుంది. జీరగొంతు దానికి తోడైతే రెండో చరణం అయ్యేసరికి వినేవాడికి తలనొప్పి వస్తుంది.

అందుకని మైకును గొంతుకు ఎదురు స్వభావంతో ఎంచుకోవాలి. పదునైన గొంతుకు మెత్తని మైకు, బొంగురు గొంతుకు కాస్త తేటదనం చేర్చే మైకు. గొంతు పలచగా ఉంటే, దగ్గరికి వెళ్లేకొద్దీ మంద్రం పెంచే మైకు సాయపడుతుంది. అన్ని దిక్కులా సమానంగా వినే మైకులను పక్కన పెడితే తక్కిన రకాలన్నిటికీ ఎంతో కొంత ఈ గుణం ఉంది. గొంతు ముందే కంచులా ఉంటే ఇదే గుణం పాటను బురద చేస్తుంది. అలాంటివారికి 1968లో వచ్చిన ఎలక్ట్రో-వాయిస్ ఆర్‌ఈ20 లాంటిది నప్పుతుంది. దగ్గరగా పాడినా మంద్రం ఉబ్బకుండా ఉండేట్టే దాన్ని తయారుచేశారు.

3. డైనమిక్కా, కండెన్సరా?

డైనమిక్ మైకులో శబ్దానికి కదిలే పొరకు ఒక తీగచుట్ట అంటుకుని ఉంటుంది. అది అయస్కాంతం మధ్య కదిలితే కరెంటు పుడుతుంది. ఆ చుట్ట బరువు వల్ల పొర చిన్నచిన్న పై శబ్దాలకు అంత చురుగ్గా స్పందించదు. కండెన్సర్‌లో పొర కొన్ని మైక్రాన్ల మందమే. స్టూడియో కండెన్సర్లకు సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగలోనే పంపే కరెంటు, ఇవ్వాలి. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా అది వదలదు.

గట్టిగా అరిస్తే కండెన్సర్ తట్టుకోలేదని ఒక మాట ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. ఆడియో-టెక్నికా ఏటీ2020 లాంటి చవక కండెన్సర్ కూడా 144 డెసిబెళ్ల వరకు తట్టుకుంటుందని తయారీదారులే చెబుతారు. మనిషి కేక అంత దూరం పోదు. శబ్దం పగిలేది సాధారణంగా మైకు తర్వాత, దాని సన్నని సిగ్నల్‌ను పెంచే ప్రీ ఆంప్ దగ్గర. అక్కడ గెయిన్ (ఎంత పెంచాలో చెప్పే మీట) తగ్గిస్తే సరిపోతుంది. కండెన్సర్‌తో అసలు చిక్కు గదితోనూ, జీరతోనూ వస్తుంది. పరుపులు నిలబెట్టి, మోత అణచి, వీధి చప్పుడు లేని వేళ చూసుకోగలిగితే కండెన్సర్ కొనడానికి నాకేమీ అభ్యంతరం లేదు. పెద్ద స్టూడియోల్లో 1967 నుంచి ఉన్న నాయ్‌మన్ యు87 మీద ఎన్ని రాక్ గొంతులు రికార్డయ్యాయో లెక్కలేదు. కాకపోతే దాని ధర లక్షల్లో ఉంటుంది, దాన్ని నిలబెట్టే గదికి అంతకన్నా ఎక్కువే అవుతుంది.

మన గదులకు వస్తే, 1966 నాటి షూర్ ఎస్ఎం58 డైనమిక్‌ను వేదిక మైకు అని తీసిపారేయకండి. పేరున్న గాయకులు దాన్ని చేత్తో పట్టుకుని స్టూడియోలో పాడి ఆల్బములు విడుదల చేశారు. దానికి మూడు నాలుగు రెట్ల ధర పెట్టగలిగితే అదే సంస్థ డైనమిక్ ఎస్ఎం7బి. మైకేల్ జాక్సన్ 1982 ఆల్బమ్ "థ్రిల్లర్"లో గాత్రానికి ఇంజనీరు బ్రూస్ స్వీడియన్ వాడింది దీని పాత రూపమైన ఎస్ఎం7నే. ఎస్ఎం7బి వెనక రెండు మీటలు ఉంటాయి: ఒకటి మంద్రం తగ్గించడానికి, ఇంకొకటి మధ్య శ్రుతులను కాస్త ఎత్తడానికి. గొంతును బట్టి అక్కడే సర్దుకోవచ్చు.

4. గెయిన్ లెక్క చూడండి

ఎస్ఎం7బికి కనీసం 60 డెసిబెళ్ల గెయిన్ కావాలని షూర్ సంస్థే చెబుతుంది. ఆ మాట విని చాలామంది బూస్టర్ పెట్టె (మైకు సిగ్నల్‌ను ముందే పెంచేది) కూడా కొనేస్తారు. మెల్లగా మాట్లాడేవారికి అది అవసరమే. గొంతెత్తి పాడే రాక్ గాయకుడికి అంత గెయిన్ పట్టదు. ముందు మీ ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె, ఎంత ఇస్తుందో చూడండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో మూడో తరానిది 56 డెసిబెళ్లు, 2ఐ2 నాలుగో తరానిది 69. పాటలో అతి మెల్లగా వచ్చే చోటు పాడి చూసి, సుయ్‌మనే రొద వినిపిస్తేనే బూస్టర్ సంగతి ఆలోచించండి.

5. మీ గొంతుతోనే పరీక్షించండి

అరువుకో అద్దెకో రెండు మూడు మైకులు తెచ్చుకోండి. దుకాణంలో "హలో, చెక్" అంటే తెలిసేదేమీ లేదు. తెలుగులో ఊది పలికే అక్షరాలు మైకును బాగా కష్టపెడతాయి. "బంగాళాఖాతం పొంగి పోటెత్తి భళ్లున బద్దలై" అని పూర్తి గొంతుతో పాడండి. ప, బ, భ దగ్గర గాలి కొట్టిన దబ్‌మనే మోత వస్తుందా? తర్వాత "శేషయ్య సిసలైన ఉషస్సు చూశాడు" అని పాడండి. స, ష, శలు ఈలలా చెవిలో గుచ్చుకుంటే ఆ మైకు మీకు పనికిరాదు. ఆ రెండూ అయ్యాక మీ పాటలో అతి పై స్థాయి కేక ఒకటి, గుసగుసగా వచ్చే పంక్తి ఒకటి.

వినేటప్పుడు రెండు జాగ్రత్తలు. అన్ని రికార్డింగుల శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చుకోండి, ఎందుకంటే రవ్వంత గట్టిగా వినిపించేదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. ఫైళ్లకు పేర్లు మిత్రుడి చేత పెట్టించుకుని, ఏది ఏ మైకో తెలియకుండా వినండి. పైగా ఒంటరి గొంతును విని తీర్పు చెప్పకండి. గిటార్లు, డ్రమ్ములు కలిపి వినండి. విడిగా మసకగా తోచిన డైనమిక్, వాద్యాల హోరులో గొంతును నిటారుగా నిలబెట్టడం చాలాసార్లు వింటాం. విడిగా మెరిసిన కండెన్సర్ అదే హోరులో సింబళ్లతో పోట్లాడుతుంది.

6. మైకు ముందు నిలబడడం

డైనమిక్ అయితే నాలుగు వేళ్ల దూరం, కండెన్సర్ అయితే జానెడు. పాప్ ఫిల్టర్ (గాలి దెబ్బను ఆపే తెర) పెట్టి, మైకును నోటికి తిన్నగా కాక కాస్త పక్కకు తిప్పితే గాలి దెబ్బ తప్పుతుంది. కేక వచ్చే చోట తల కొంచెం వెనక్కి తీయాలి. తెనాలి వైపు పద్యనాటకాల నటులు రాగం పైకి తీసేటప్పుడు మైకుకు దూరం జరగడం చూసినవారికి ఇది వేరే నేర్పక్కర్లేదు. చేత్తో పట్టుకుంటే జాలీని గుప్పిట్లో మూయకండి. మూస్తే మైకు అన్ని దిక్కులా వినడం మొదలుపెడుతుంది.

24 బిట్‌లో రికార్డు చేస్తూ, అతి పెద్ద కేక రికార్డింగు మీటరులో మైనస్ 10 డెసిబెళ్ల దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకోండి. గుయ్‌మనే 50 హెర్ట్జ్ మూలుగు వస్తే లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. చాలాసార్లు దోషం అక్కడే దొరుకుతుంది.

7. కొనేటప్పుడు, కొన్నాక

ఎస్ఎం58కు నకిలీలు విపరీతం. అసలుది దాదాపు 298 గ్రాములు తూగుతుంది. మామూలు రకానికి స్విచ్ ఉండదు, స్విచ్ ఉన్న రకాన్ని ఎస్ఎం58ఎస్ పేరుతో అమ్ముతారు. ధర మరీ తక్కువగా చెబితే, అధీకృత విక్రేత బిల్లు లేకుండా కదలకండి.

కృష్ణ ఒడ్డున ఉక్క, తేమ ఎక్కువ. కండెన్సర్ పొర తేమ తగిలితే చిటపటమంటుంది కనుక పని కాగానే స్టాండు మీద వదిలేయకుండా సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో దాచండి. డైనమిక్‌కు ఇంత మర్యాద అక్కర్లేదు. అయితే ఉమ్మి చేరిన జాలీ కంపు కొడుతుంది. ఎస్ఎం58 జాలీ తిప్పితే ఊడి వస్తుంది. లోపలి స్పాంజితో సహా సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి.