కరెంటు కంపెనీల లాబీయింగ్ చదవడం నేర్చుకుందాం – 4: ఫారంలో కనిపించని డబ్బు

ఈ పాఠంలో రాష్ట్రాల స్థాయికి దిగాలి. దిగుతాం. కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చాలామందికి తప్పింది, అదీ ఒకే చోట. అది సరిచేసుకోకుండా ముందుకు వెళితే ఇకపై వేసే ప్రతి లెక్కా తప్పుతుంది.

అమెరికాలో ఒక పెద్ద కరెంటు కంపెనీ మూడు నెలల్లో వాషింగ్టన్‌లో లాబీయింగ్‌కు, అంటే చట్టాలు చేసేవాళ్లను తన వైపు తిప్పుకోవడానికి, ఎంత ఖర్చుపెట్టిందో ఎల్‌డీ-2 ఫారాల (మూడు నెలలకోసారి ఇచ్చే లాబీయింగ్ వెల్లడి పత్రాల) నుంచి తేల్చమన్నాం. ఫారాలు వెతికి పట్టుకోవడంలో ఎవరికీ ఇబ్బంది రాలేదు కాబట్టి ఆ సంగతి మళ్లీ చెప్పను. ఇబ్బంది వచ్చింది కూడికలో.

12వ గడి, 13వ గడి ఒకటి కావు. కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న బయటి లాబీయింగ్ సంస్థ తనకు వచ్చిన ఆదాయాన్ని 12లో రాస్తుంది. కంపెనీకి సొంత లాబీయిస్టులుంటే, కంపెనీ తన ఖర్చును 13లో రాస్తుంది. బయటి సంస్థలకు ఇచ్చిన ఫీజు కూడా ఆ 13లోనే కలిసి ఉంటుంది. ఉదాహరణకు కంపెనీ 13వ గడిలో 7,00,000 డాలర్లు ఉందనుకోండి. మూడు బయటి సంస్థల 12వ గడుల్లో 60,000, 50,000, 40,000 ఉన్నాయి. అన్నీ కూడి 8,50,000 అని రాసినవాళ్లే ఎక్కువ. సరైన జవాబు 7,00,000. ఆ లక్షన్నర అందులోనే ఉంది.

కంపెనీకి నమోదైన సొంత లాబీయిస్టులు లేకపోతే 13వ గడి నింపే ఫారమే ఉండదు. అప్పుడు మాత్రమే 12వ గడులు కూడాలి.

ఇదే పొరపాటు ఇంకో రూపంలోనూ వస్తుంది. ఎడిసన్ ఎలక్ట్రిక్ ఇన్‌స్టిట్యూట్ అనేది ప్రైవేటు కరెంటు కంపెనీల సంఘం. సభ్య కంపెనీ కట్టే చందాలో లాబీయింగ్‌కు పోయే వాటా కూడా కంపెనీ ఖర్చు కిందే రావాలి. సంఘం తన ఫారం తాను వేరుగా ఇస్తుంది. కంపెనీల అంకెలకు సంఘం అంకె కలిపి ‘రంగం మొత్తం ఖర్చు’ అని రాస్తే అదే డాలరును రెండుసార్లు లెక్కపెట్టినట్టే. సవరించిన ఫారం సంగతీ అంతే. అది పాతదాని స్థానంలో వస్తుంది, పాతదానికి తోడుగా కాదు.

14వ గడిని ఎవరూ చూడలేదు. ఖర్చు లెక్కకు ఏ, బీ, సీ అని మూడు పద్ధతులున్నాయి. ఏ పద్ధతి లాబీయింగ్ వెల్లడి చట్టం నిర్వచనాన్ని పాటిస్తుంది, కేంద్రం మాత్రమే లెక్క. సీ పద్ధతి ఆదాయపు పన్ను చట్టం నిర్వచనం. అందులో రాష్ట్రాల లాబీయింగ్, ప్రజలచేత ఫోన్లు చేయించే ప్రచారం కూడా కలుస్తాయి. ఒక కంపెనీది ఏ, ఇంకోదానిది సీ అయితే రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరెక్కువ అనకండి. నేనైతే పట్టికలో అంకె పక్కనే ఆ అక్షరం రాసుకుంటాను. మీరూ రాసుకోండి.

చివరి రెండు దిద్దుబాట్లు. ఆ మొత్తం అన్ని విషయాలకూ కలిపి ఒకటే. 15వ గడిలో ఎనర్జీ, క్లీన్ ఎయిర్, ట్యాక్స్ కోడ్‌లు కనిపించినా ఏ విషయానికి ఎంతో విడిగా ఉండదు, కాబట్టి ‘వాతావరణ లాబీయింగ్‌కు ఇంత’ అని ఈ ఫారం నుంచి చెప్పలేం. 16వ గడిలో బిల్లు నంబరు కనిపించిందని ‘వ్యతిరేకించింది’ అనీ రాయకండి. అనుకూలమో వ్యతిరేకమో చెప్పాలని చట్టం అడగదు.

మరి అసలు డబ్బు ఎక్కడుంటుంది? ఎక్కువ భాగం రాష్ట్రాల్లో. కరెంటు ధర నిర్ణయించేది రాష్ట్ర కమిషన్, సౌర విద్యుత్ వాటా నిర్ణయించేది రాష్ట్ర చట్టసభ. అందుకే నేను వాషింగ్టన్ ఫారాలు ఆఖరున చూస్తాను. ముందు చూసేది బిల్లు పాఠం.

దీనికి ఒహాయో హౌస్ బిల్ 6 కన్నా మంచి నమూనా లేదు. 2019 జులై 23న గవర్నర్ మైక్ డివైన్ సంతకం చేశారు. కర్బనం వదలని డేవిస్-బెస్సీ, పెర్రీ అణు కేంద్రాలను కాపాడే స్వచ్ఛమైన గాలి బిల్లుగా దాన్ని ప్రచారం చేశారు. పేరు పక్కన పెట్టి ప్రతి సెక్షన్‌కూ మూడు ప్రశ్నలు వేయండి: ఎవరు కడతారు, ఎవరికి పోతుంది, ఏది రద్దవుతుంది.

అణు కేంద్రాలకు ఏడాదికి 15 కోట్ల డాలర్లు, 2021 నుంచి 2027 దాకా. కట్టేది వినియోగదారు, ఇంటి బిల్లు మీద నెలకు 85 సెంట్లు మించకుండా. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు బిల్లు మీద ట్రూఅప్ చార్జీ వేరే వరుసలో పడటం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ దాన్ని రైడర్ అంటారు. ఒహాయోలో ఉన్న తెలుగువాళ్లూ కట్టాల్సిన వరుసే అది.

ఇంకా కిందికి రండి. కైగర్ క్రీక్, క్లిఫ్టీ క్రీక్ అనే రెండు పాత బొగ్గు కేంద్రాలకూ రైడర్ పెట్టారు, ఇంటికి నెలకు డాలరున్నర దాకా. క్లిఫ్టీ క్రీక్ ఒహాయోలో కూడా లేదు, పక్కనున్న ఇండియానాలో ఉంది. పునరుత్పాదక విద్యుత్ లక్ష్యం 12.5 నుంచి 8.5 శాతానికి తగ్గింది. విద్యుత్ పొదుపు లక్ష్యాలు ఎత్తేశారు. స్వచ్ఛమైన గాలి పేరు చెప్పుకున్న బిల్లులో బొగ్గుకు డబ్బు, పొదుపుకు ముగింపు.

చాలామంది దాటేసేది మాత్రం ఇది: ఒహాయోలోని పెద్ద కరెంటు సంస్థ ఫస్ట్‌ఎనర్జీకి చెందిన పంపిణీ కంపెనీల మూల ఆదాయాన్ని 2018 స్థాయి దగ్గర నిలబెట్టే డీకప్లింగ్ సెక్షన్. వాడకం తగ్గినా ఆదాయం తగ్గదు. అణు కేంద్రాలు అప్పటికే దివాలా కోర్టులో ఉన్న ఫస్ట్‌ఎనర్జీ అనుబంధ సంస్థవి. మాతృసంస్థకు నేరుగా అందేది ఈ సెక్షన్ లాభం. సబ్సిడీ పేరు బోర్డు మీద ఉంటుంది, కంపెనీకి కావలసింది ఇలా సాంకేతికంగా కనిపించే సెక్షన్‌లో ఉంటుంది. నేను బిల్లును చివరి పేజీల నుంచి చదివేది ఇందుకే.

దీని వెనక ఫస్ట్‌ఎనర్జీ డబ్బు ‘జెనరేషన్ నౌ’ అనే సంస్థ గుండా నడిచింది. దాతల పేర్లు చెప్పనక్కర్లేని లాభాపేక్షలేని సంస్థ అది. మొత్తం సుమారు 6 కోట్ల డాలర్లు. ఈ లంచం కేసులో ఒహాయో చట్టసభ స్పీకర్ ల్యారీ హౌస్‌హోల్డర్ 2020 జులైలో అరెస్టయ్యాడు, 2023లో 20 ఏళ్ల శిక్ష పడింది. ఫస్ట్‌ఎనర్జీ 2021లో ప్రాసిక్యూటర్లతో ఒప్పందం చేసుకుని 23 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అణు సబ్సిడీ, డీకప్లింగ్ అదే ఏడాది పోయాయి. బొగ్గు రైడర్ ఆగడానికి 2025లో హౌస్ బిల్ 15 రావాల్సి వచ్చింది. కుంభకోణం బయటపడినంత మాత్రాన చట్టంలోని ప్రతి వరుసా పోదు. జనం జేబులోంచి నెలనెలా పోయేది అలాగే పోతుంటుంది.

చట్టసభలో కాక ప్రజలే నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదనల్లో, ప్రచారం చేసే సంస్థ పేరునే ముందు అనుమానించాలి. 2016లో ఫ్లోరిడాలో ‘కన్స్యూమర్స్ ఫర్ స్మార్ట్ సోలార్’కు డబ్బు పెట్టింది కరెంటు కంపెనీలే. సౌర విద్యుత్‌పై వాళ్లు ప్రతిపాదించిన రాష్ట్ర రాజ్యాంగ సవరణకు 60 శాతం ఓట్లు కావాలి, సుమారు 51 వచ్చాయి. 2018లో ఆరిజోనాలో 2030కల్లా సగం పునరుత్పాదక విద్యుత్ కోరిన ప్రతిపాదన 127ను ఓడించడానికి అక్కడి కరెంటు కంపెనీ మాతృసంస్థ పినకిల్ వెస్ట్ దాదాపు 3.8 కోట్ల డాలర్లు పెట్టింది. ఇది రాష్ట్ర ఎన్నికల నివేదికల్లో దొరుకుతుంది, ఎల్‌డీ-2లో వెతికితే దొరకదు.

ఇక ఈ ఖర్చు ఎవరి నెత్తిన పడిందో తేల్చడానికి ఫెర్క్ (కేంద్ర ఇంధన నియంత్రణ కమిషన్)కు కంపెనీలు ఏటా ఇచ్చే ఫారం 1. హోల్డింగ్ కంపెనీ పేరుతో వెతక్కండి, పంపిణీ కంపెనీ పేరుతో వెతకండి: సదరన్ కంపెనీ కాదు, జార్జియా పవర్. 117వ పేజీలో ఖాతా 426.4, రాజకీయ వ్యయం. అది మామూలుగా వాటాదారుల మీద పడుతుంది. 335వ పేజీ మొదటి వరుసలో సంఘాల చందాలు, ఖాతా 930.2. ఇవి వినియోగదారు ధరలో కలిసే ఖాతా. కొలరాడో, కనెక్టికట్, మెయిన్ 2023లో చట్టం చేసి దీన్ని ఆపాయి. 426.4 చిన్నదిగా ఉంటే సంతోషపడకండి. ఫస్ట్‌ఎనర్జీ లాబీయింగ్ ఖర్చులు కొన్ని తప్పు ఖాతాల్లోకి వెళ్లాయని ఫెర్క్ ఆడిట్ 2022లో తేల్చింది.

అభ్యాసం. ఒక పంపిణీ కంపెనీని ఎంచుకుని పదేళ్ల ఫారం 1లు తీయండి. ఏడాదికో వరుస, నాలుగు నిలువు గడులు: 426.4 మొత్తం, 335వ పేజీ చందా, ఆ ఏడాది ఆ రాష్ట్రంలో వచ్చిన ఇంధన బిల్లు, ధరల పెంపు దరఖాస్తు వేశారా లేదా. 426.4 ఒక్కసారిగా పెరిగిన ఏడాది దొరికితే ఆ బిల్లు పూర్తి పాఠం తెచ్చుకుని, ఒహాయో బిల్లుకు వేసిన మూడు ప్రశ్నలూ సెక్షన్ సెక్షన్‌కూ వేసి రాయండి. దీనికి రెండు వారాలు పడుతుంది. ముందే కూడిపెట్టిన వెబ్‌సైట్ల అంకెలు వాడొద్దు, పేజీ నంబరు లేని అంకె లెక్కలోకి రాదు.