స్టేషన్ వ్యాగన్ మరమ్మతు, 4వ పాఠం: వాటర్ పంపు, దాని కింద ఆప్టిస్పార్క్

బ్రేకుల పని అయిపోయింది కనుక ఈసారి 1994–96 బ్యూయిక్ రోడ్‌మాస్టర్ ఎస్టేట్ ఇంజిన్ ముందు భాగం విప్పుదాం.

ఇందులో ఉన్నది 5.7 లీటర్ల ఎల్‌టి1 వి8. పాత షెవర్లే వి8లలో డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకు వరుసగా కరెంటు పంచే భాగం) ఇంజిన్ వెనకవైపు పైన ఉండేది. ఎల్‌టి1లో దాన్ని ఇంజిన్ ముఖాన, సరిగ్గా వాటర్ పంపు కింద బిగించారు. దాని పేరే ఆప్టిస్పార్క్. పంపు సీలు అరిగితే అడుగునున్న చిన్న రంధ్రంలోంచి కూలెంట్ కారి తిన్నగా దీని మీద పడుతుంది. తేమ రోజుల్లో బండి మిస్ కొడుతుంది, వేడెక్కాక స్టార్ట్ కాదు, 1994–95 బండ్లలో ఇంజిన్ కంప్యూటర్ 16, 36 లోపం కోడ్లు చూపిస్తుంది. ఆప్టిస్పార్క్ ఒక్కటే మార్చి కారే పంపును వదిలేస్తే పెట్టిన డబ్బు అక్షరాలా నీళ్లపాలే.

సామాను కొనేముందు పాతది విప్పి చూడండి. 1994 రకానికి పళ్ల షాఫ్టు, 1995–96 రకానికి క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే షాఫ్టు) పిన్ను దూరే రంధ్రం ఉంటాయి. ఒకటి మరొకదానికి పట్టదు. అదే ఏళ్ల కాప్రిస్, ఇంపాలా ఎస్ఎస్, క్యాడిలాక్ ఫ్లీట్‌వుడ్ సెడాన్లలోనూ ఇదే ఇంజిన్ వచ్చింది కాబట్టి స్క్రాప్ యార్డులో వ్యాగన్ కోసమే వెతకనక్కర్లేదు. (వెనక అద్దాలు, టెయిల్‌గేట్ సంగతి అలా కాదు. వాటికి వ్యాగనే కావాలి.) చౌక రకం ఆప్టిస్పార్కుల్లో సెన్సర్ త్వరగా పోతుంది. పాతదాంట్లో మిత్సుబిషి సెన్సర్ బాగుంటే పారేయకండి, క్యాప్ (ప్లగ్ వైర్లు తగిలే మూత), రోటర్ (లోపల తిరిగే ముక్క) మారిస్తే చాలు. రోటర్ స్క్రూలకు థ్రెడ్‌లాక్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వేయండి. అవి వదులైతే రోటర్ లోపలే ముక్కలవుతుంది.

ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, కూలెంట్ వంపేయండి. టోయింగ్ ప్యాకేజీ బండి అయితే బెల్టు ఫ్యాను కూడా విప్పాలి. పంపును 6 బోల్టులు పట్టి ఉంచుతాయి. పంపును తిప్పేది బెల్టు కాదు, క్యామ్‌షాఫ్ట్ గేరు. మధ్యలో ఉండే చిన్న పళ్ల కప్లర్ జారి పడిపోకుండా చూసుకోండి. ఆప్టిస్పార్క్ అందాలంటే బ్యాలెన్సర్ (క్రాంక్‌షాఫ్ట్ ముందు చివర ఉండే బరువైన చక్రం) కూడా తీయాలి. దాని 3 బోల్టులు తీసేముందు దానికీ హబ్‌కూ కలిపి పెయింటుతో గీత గీయండి; అదే స్థానంలో బిగించకపోతే ఇంజిన్ వణుకుతుంది. ప్లగ్ వైర్లను ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) లెక్కన కాక క్యాప్ మీది అంకెలు చూసి తగిలించాలి.

ఆప్టిస్పార్క్ 3 బోల్టులతో ఉంటుంది. చేత్తో నొక్కితే పూర్తిగా కూర్చోవాలి. కూర్చోకపోతే పిన్ను సరిపడలేదన్నమాట. బోల్టులతో లాగి బిగిస్తే పగులుతుంది. టైమింగ్ కవర్లోని పంపు షాఫ్టు సీలు, ఆప్టిస్పార్క్ సీలు ఇప్పుడే మార్చండి, మళ్లీ ఇంత విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. 1995–96 రకానికి తేమను లాగేసే సన్నని గాలి గొట్టాలు ఉంటాయి, ఊది చూడండి. పంపు బోల్టులకు 30 నుంచి 33 పౌండ్-అడుగుల టార్క్ చాలు.

ఎల్‌టి1లో కూలెంట్ ముందు హెడ్లకు, తర్వాత బ్లాక్‌కు వెళ్తుంది. అందుకే గాలి ఇరుక్కుంటుంది. థర్మోస్టాట్ హౌసింగ్ మీది మర వదులు చేసి, బుడగలు ఆగి నిలకడగా కూలెంట్ వచ్చేదాకా పోయండి. 1996 బండికి నారింజ రంగు డెక్స్‌కూల్ కూలెంట్, అంతకుముందువాటికి ఆకుపచ్చది, రెండూ కలపకూడదు. ఇంజిన్ వేడెక్కాక ఆపి, టార్చి వేసి పంపు అడుగు రంధ్రం చూడండి. అక్కడ తడి ఉంటే పంపు సీలు కారుతున్నట్టే, పంపు దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిందే.

వచ్చే పాఠం: టెయిల్‌గేట్ తాళం, కీళ్లు.