బొమ్మలు, ఉత్తరాలు, మ్యాపులు చేర్చిన పాత జీవితచరిత్ర: సమస్య - పరిష్కారం

1769లో జేమ్స్ గ్రేంజర్ అనే ఇంగ్లిష్ పాదిరి తన దేశపు ప్రముఖుల జీవితచరిత్రలు అచ్చు వేయించాడు. ఎవరెవరికి ఏయే ముద్రిత చిత్తరువులు ఉన్నాయో అందులోనే జాబితా ఇచ్చాడు. అది చూసి డబ్బున్న పాఠకులకు కొత్త పిచ్చి పట్టుకుంది. ఆ చిత్తరువులు వెతికి కొనడం, వాటికి అసలు ఉత్తరాలూ మ్యాపులూ జోడించడం, అన్నిటినీ పుస్తకంలో చేర్చి మళ్లీ బైండు చేయించడం. ఈ పనికి గ్రేంజర్ పేరే స్థిరపడింది. సదర్లండ్ దంపతులు ఇలా పెంచుకుంటూ పోయిన పుస్తకాలు 61 సంపుటాలయ్యాయి, అవి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాయి. వాటిలో చిత్రాలు 19 వేలకు పైనే.

అలాంటి సంపుటం ఒకటి మీ చేతికొచ్చి, అందులో ఏదో తేడాగా కనిపిస్తే ముందు దాన్ని సరిచేయబోకండి. ప్రతి పేజీనీ రెండు వైపులా, ఉన్న వరసలోనే ఫోటో తీయండి. ఏ ఉత్తరం ఏ పేరా ఎదుట ఉందన్నది ఆ సేకర్త ఆలోచన. వరస చెదిరితే అది పోతుంది, మళ్లీ తెచ్చుకోలేం.

పుస్తకం మూసుకోవడం లేదు, వెన్ను చీలుతోంది

వెన్ను దగ్గరా, తెరిచే అంచు దగ్గరా మందం కొలవండి. అంచు లావుగా ఉంటే కారణం తెలిసిపోయినట్టే. చిన్న చిత్తరువును పెద్ద పేజీలో బిగించడానికి పాత బైండర్లు పేజీ మధ్యలో కిటికీలా కోసి, బొమ్మ అంచుల్ని పల్చగా గీకి, ఆ కిటికీ అంచుకు లైతో అతికించేవారు. చిత్రం చేరిన ప్రతి చోటా మందం పెరుగుతుంది. దానికి సరిపడా వెన్నులో కాగితపు పట్టీలు వేసి ఉండాలి. వేయకపోతే పుస్తకం విసనకర్రలా విచ్చుకుంటుంది, అట్టల మీద ఒత్తిడి పడి కీళ్లు తెగుతాయి. వెన్నే లావుగా ఉంటే పట్టీలు మరీ ఎక్కువయ్యాయని అర్థం. అది అరుదు.

రబ్బరు బ్యాండు వేయొద్దు, బరువు పెట్టి నొక్కొద్దు. ఆమ్లం లేని అట్టతో సరిగ్గా సరిపోయే పెట్టె చేయించి, అందులో పడుకోబెట్టి ఉంచండి. పెద్ద సైజు పుస్తకాన్ని నిలబెడితే లోపలి కాగితాల బరువంతా కిందికి జారి వెన్నును లాగేస్తుంది. చదివేటప్పుడు రెండు అట్టల కిందా మెత్తని ఆధారం పెట్టండి, పూర్తిగా విప్పకండి. కొందరు బైండర్లు దీన్ని రెండు సంపుటాలుగా విడదీద్దామంటారు. నా దృష్టిలో అది ఆఖరి మార్గం. పెట్టెతో పని జరుగుతున్నంతవరకు వెన్ను జోలికి పోకపోవడమే మంచిది.

చిత్తరువు ఎదుటి పేజీ మీద గోధుమరంగు మరక

మరకలో ముఖం గీతలు తిరగబడి కనిపిస్తున్నాయా, లేక ఉత్త నలుచదరపు నీడేనా? గీతలు కనిపిస్తే అది ముద్రణ సిరాలోని నూనె పని. నీడ మాత్రమే ఉంటే మధ్యలో పెట్టిన టిష్యూ కాగితమో, చిత్రం వెనక అట్టో ఆమ్లం వదులుతోందన్నమాట. 19వ శతాబ్దపు టిష్యూలు చాలావరకు ఇప్పటికి పెళుసెక్కి పోయి ఉంటాయి.

పాత టిష్యూ తీసి ఆమ్లం లేనిది పెట్టండి, కానీ అవసరమైన చోట మాత్రమే. పేజీ పేజీకీ పెట్టుకుంటూ పోతే మందం పెరిగి మొదటి సమస్యే తిరిగొస్తుంది. తీసిన టిష్యూ మీద పెన్సిల్ రాతలేమైనా ఉన్నాయేమో చూసి మరీ పక్కన పెట్టండి. పడిన మరకను చెరపబోవద్దు, దానితో పనుంది, చివర్లో చెబుతాను.

కిటికీ అంచున చిత్రం ముడతలు పడింది

తేమకు కాగితం అన్ని వైపులా ఒకేలా సాగదు. చుట్టూ ఉన్న పేజీ పోగు (కాగితంలో పీచు పరుచుకున్న దిశ) ఒకవైపు, చిత్రం పోగు ఇంకోవైపు ఉంటే ముడత తప్పదు. ఇస్త్రీ పెట్టె జోలికి పోవద్దు. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే చాలా ముడతలు కొంతైనా సర్దుకుంటాయి. మూల ఊడితే గోధుమ గంజితో పల్చగా కాచిన లై చాలు. బజారులో దొరికే తెల్ల జిగురు మళ్లీ ఊడదు, సెల్లోటేపు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఉత్తరంలో అక్షరాలు కాగితాన్ని తినేస్తున్నాయి

ఈ పుస్తకాల్లో అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. మొదట అక్షరాల చుట్టూ గోధుమరంగు వలయం వస్తుంది, తర్వాత రాత వెనకవైపు తేలుతుంది, చివరికి అక్షరం ఉన్నచోట చిల్లు మిగులుతుంది.

యూరప్‌లో శతాబ్దాలపాటు వాడిన సిరా మాచికాయల టానిన్‌నూ (వగరు పదార్థం), అన్నభేదినీ (ఇనుప లవణం), బంకనూ కలిపి చేసింది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు, బెల్లం ఊరబెట్టిన కసిమితో గీస్తే నలుపు తేలేది కూడా ఈ టానిన్, ఇనుముల కలయికతోనే. సిరాలో అన్నభేది పాలు ఎక్కువైతే మిగిలిపోయిన ఇనుము, ఆమ్లం రెండూ కలిసి కాగితం పీచును తెంచుతాయి. ఇలాంటి నలుపు వేసిన పాత బట్టలు కూడా సరిగ్గా ఆ నలుపున్న చోటే పొడిపొడిగా రాలడం ఉంది.

తడి గుడ్డతో తుడవకండి. నీళ్లు తగిలితే ఆ ఇనుము మంచి కాగితంలోకి కూడా పాకుతుంది. ఉత్తరం వంగకుండా పేజీ కింద చేయి ఆనించి తిప్పండి, అటూ ఇటూ ఆమ్లం లేని కాగితం పెట్టండి, తేమ పెరగనివ్వకండి. కాగితాన్ని బాగుచేసే నిపుణుల దగ్గర ఇనుమును గుర్తించే పట్టీలు ఉంటాయి, ఇనుముంటే అవి ఎర్రబడతాయి. కాల్షియం ఫైటేట్‌తో చేసే చికిత్స కూడా ఉంది. అయితే దానికి ఉత్తరాన్ని పుస్తకం నుంచి విడదీయాలి, కాబట్టి చిల్లులు పడుతున్న ఉత్తరానికే ఆ మాట ఆలోచించాలి.

ఉత్తరం పేజీకి పూర్తిగా అతుక్కుపోయి ఉంటే పీకకండి. 1840కి ముందు కవర్ల వాడకం తక్కువ, చిరునామా, పోస్టు ముద్రలు ఉత్తరం వెనకే ఉంటాయి. పేజీ వెనక పల్చటి లైటు పెట్టి ఫోటో తీస్తే చాలావరకు చదవొచ్చు.

ఉత్తరం అసలుదేనా అని అనుమానం

ముందు భూతద్దం. చేత్తో రాసిన గీత ఒత్తిన చోట చిక్కగా, తేల్చిన చోట పల్చగా ఉంటుంది. రాతి పలకతో అచ్చేసిన (లితోగ్రాఫ్) నకలు ఎక్కడ చూసినా ఒకే నలుపు. ఇంగ్లిష్ కవి బైరన్ పారిస్‌లోని గలిన్యానీ పత్రికకు రాసిన ఉత్తరం నకలు ఆయన రచనల పారిస్ ముద్రణల్లో వచ్చింది. వాటిలోంచి విడిపోయిన ప్రతులను అసలు ఉత్తరమని నమ్మినవాళ్లకు లెక్కలేదు.

తర్వాత కాగితం. అడ్డుగీతల ఆనవాళ్లు లేని నున్నటి కాగితాన్ని ఇంగ్లండులో పుస్తక ముద్రణకు మొదటిసారి వాడింది 1757లో. అంతకు ముందు తేదీ ఉన్న ఇంగ్లిష్ ఉత్తరం అలాంటి కాగితం మీద ఉంటే సందేహించాల్సిందే. 1794 నుంచి ఇంగ్లిష్ కాగితాల నీటిగుర్తులో (వాటర్‌మార్క్) సంవత్సరం తరచుగా కనిపిస్తుంది. 1780 నాటి ఉత్తరం కాగితంలో 1801 కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. కాగితం పాతదైనంత మాత్రాన నమ్మాలనీ లేదు. అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ రాతలు దొంగగా తయారు చేసిన రాబర్ట్ స్ప్రింగ్ పాత పుస్తకాల ఖాళీ పేజీలు చింపి, కాఫీ రంగు పట్టించి వాడాడు. అతను 1876లో చనిపోయాడు గానీ ఆ సరుకు ఇప్పటికీ సంపుటాల్లో తేలుతూనే ఉంటుంది.

నకిలీ అని తేలినా తీసేయకండి. వేరే చీటీ మీద పెన్సిల్‌తో రాసి పక్కన పెట్టండి. సేకర్త ఏం నమ్మాడన్నదీ ఆ పుస్తకం చరిత్రే.

చిత్తరువు కింద పేరొకటి, మనిషి ఇంకొకరు

కారణం తరచుగా చిత్తరువును అచ్చేసిన రాగి రేకే. అమ్మకం కోసం పాత రేకు మీద ముఖం గీకేసి కొత్తది చెక్కేవారు. పియర్ లోంబార్ట్ చెక్కిన గుర్రపు రౌతు బొమ్మలో ఒకే శరీరానికి ఇంగ్లండు రాజు చార్లెస్ తలా, ఆయన్ని ఎదిరించిన క్రామ్‌వెల్ తలా కనిపిస్తాయి, తల లేని ప్రింట్లూ ఉన్నాయి. పెద్ద మ్యూజియంల ఆన్‌లైన్ జాబితాలతో పోల్చి, ఏ దశ ప్రింటో రాసుకుంటే సరిపోతుంది.

మ్యాపు మడత దగ్గర చిరిగింది

వెన్నులో పట్టీ వెడల్పు చాలకపోతే విప్పిన ప్రతిసారీ మడతే ఆ లాగుడంతా భరిస్తుంది. చిరుగుకు వెనకవైపు నుంచి పల్చటి జపాన్ కాగితం, గోధుమ లై. ఇంకా సాగుతూ పోతుంటే బైండరు చేత పట్టీ పొడిగించి, మ్యాపు పుస్తకం బయటికి పూర్తిగా పరుచుకునేలా చేయించండి. సరిహద్దులకు వేసిన ఆకుపచ్చ రంగు గోధుమగా మారి అక్కడే పగులు వస్తుంటే అది రాగి రంగు పని. సిరాకు చెప్పిన జాగ్రత్తలే దానికీ వర్తిస్తాయి.

బూజు వాసన, పురుగు

విశాఖ, కాకినాడల లాంటి తీరంలో ఉంటే ఇది వర్షాకాలపు సమస్య. పుస్తకాన్ని మిగతావాటి నుంచి వేరు చేయండి, ఎండలో పెట్టకుండా గాలి ఆడే నీడలో ఆరనివ్వండి. బూజు పూర్తిగా ఎండాకే, మాస్కు కట్టుకుని, ఇంటి బయట మెత్తటి బ్రష్‌తో దులపండి. కలరా ఉండలు వాసన పెంచుతాయి గానీ తేమ తగ్గించవు.

ఒక కాగితం ఊడి పడింది, ఎక్కడిదో తెలియదు

మరకను చెరపొద్దన్నది ఇందుకే. కాగితం కొలతలు తీసుకుని అదే సైజు నీడ ఏ పేజీ మీద ఉందో చూడండి. తర్వాత పాత లై చారలు, పురుగు తొలిచిన చిల్లుల వరస పోల్చండి. చోటు ఖాయమైతే వెంటనే అతికించేయకండి. ఆమ్లం లేని కాగితపు మడతలో పెట్టి అక్కడే ఉంచి, ఆ మడత మీద పేజీ నంబరు పెన్సిల్‌తో వేయండి. దొరక్కపోతే పుస్తకంతోపాటే, అదే పెట్టెలో విడిగా ఉంచండి.