సైకోసిస్ చికిత్సలో ఆలస్యాన్ని తగ్గించడం ఎలా?

ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, నిజం కానివాటిని గట్టిగా నమ్మడం వంటి మానసిక స్థితి) లక్షణాలు కనిపిస్తే, అవి ఎప్పుడు మొదలయ్యాయో ముందుగా రాసిపెట్టండి. హన్మకొండ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే అబ్బాయి సెలవులకు ఇంటికి వచ్చి, ఎవరో తన మాటలు వింటున్నారంటూ ఫోన్లోంచి సిమ్ తీసి దాచడం, కిటికీకి పాత పేపర్లు అంటించడం, గదిలో ఎవరూ లేకున్నా జవాబులు చెప్పడం మొదలుపెడితే, "సద్దుల బతుకమ్మ నాటికే ఇట్లా ఉన్నాడు" అన్నంత ఆనవాలు కూడా డాక్టరుకు పనికివస్తుంది.

ఆ తేదీ నుంచి చికిత్స మొదలయ్యే వరకు గడిచిన కాలం పెరిగేకొద్దీ మందులకు స్పందన, కోలుకునే తీరు తగ్గుతున్నట్లు అనేక అధ్యయనాలు చూపాయి. మెదడు నిర్మాణం విషయంలో మాత్రం ఆధారాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. తొలిసారి సైకోసిస్ వచ్చినవారిపై షాంఘైలో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స మొదలైన 8 వారాల్లో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ ఎడమవైపు కొంత కుంచించుకుపోయిందని, చికిత్స లేకుండా ఎక్కువ కాలం గడిపినవారిలో ఆ తగ్గుదల ఎక్కువగా ఉందని తేలింది. మరికొన్ని అధ్యయనాల్లో ఇటువంటి సంబంధం కనిపించలేదు. జబ్బు తీవ్రత, మందులు, గంజాయి వంటి వాటి ప్రభావాన్ని విడదీసి చూడడం కష్టం కనుక, ఆలస్యం వల్లనే ఫలానావారి మెదడు దెబ్బతిన్నదని ఎవరూ నిర్ధారించలేరు, తల్లిదండ్రులు తమను తాము నిందించుకోవలసిన అవసరమూ లేదు. డాక్టరు స్కానింగ్ రాస్తే అది మెదడులో గడ్డ వంటి ఇతర కారణాలను తోసిపుచ్చడానికే తప్ప ఆలస్యం వల్ల కలిగిన నష్టాన్ని కొలవడానికి కాదు.

మన పల్లెల్లో బాణామతి చేశారనో, గాలి సోకిందనో మంత్రగాళ్ల చుట్టూ తిరగడంలోనూ, పెళ్లి చేస్తే కుదుటపడతాడని ఎదురుచూడడంలోనూ విలువైన నెలలు గడిచిపోతున్నాయి. గుడికో దర్గాకో వెళ్లవద్దని నేననను. మొక్కు తీర్చుకునే వారంలోనే మానసిక వైద్యుణ్ని కూడా కలవాలని మాత్రం గట్టిగా చెబుతాను. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రోగి రానంటే కుటుంబ సభ్యులైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి, తెలుగులో ఉచితంగా సలహా పొందవచ్చు.

ఒకటి రెండు రోజుల్లోనే మతి తప్పినట్లయితే, ముఖ్యంగా జ్వరం, ఫిట్స్, తలకు దెబ్బ ఉన్నా, కల్తీకల్లు ఒక్కసారిగా మానేసినా, చనిపోతానని అంటున్నా, ఓపీ రోజు కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. చికిత్స మొదలయ్యాక మాటలు వినిపించడం తగ్గిందని సొంతంగా మందులు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. మత్తు, వణుకు, బరువు పెరగడం వంటి ఇబ్బందులుంటే డాక్టరుకు చెప్పి మోతాదునో మందునో మార్పించుకోవాలి.