ప్రజాభిప్రాయ సేకరణ సభలో మీ మాట రికార్డుకెక్కాలంటే ఏం చేయాలి?

ఫ్యాక్టరీయో, చెత్త శుద్ధి కేంద్రమో పక్కనే వస్తోందని పేపర్లో ఓ మూలన ప్రకటన పడుతుంది. సభ రోజున జనం వస్తారు, గట్టిగా అరుస్తారు, ఇళ్లకు వెళ్లిపోతారు. కొన్ని నెలలకు అనుమతి వచ్చేస్తుంది. ‘అంతమంది వద్దన్నాం కదా, ఎలా ఇచ్చారు?’ అని అప్పుడు అందరూ అడుగుతారు.

ఆ సభలో ఓటింగ్ ఉండదు. వద్దన్నవాళ్ల తలలు లెక్కపెట్టి ఎవరూ నిర్ణయం తీసుకోరు. ప్రాజెక్టును పరిశీలించే నిపుణుల కమిటీ ఎక్కడో కూర్చుని ఉంటుంది. దాని ముందుకు వెళ్లేవి సభ మినిట్స్ (అక్కడ ఎవరేం మాట్లాడారో రాసిన నమోదు), వీడియో, రాతపూర్వక అభ్యంతరాలు. మన మాట వాటిలోకి ఎక్కితేనే కమిటీకి చేరుతుంది.

ముందు, సభ ఉందో లేదో చూసుకోండి

మన దేశంలో దీనికి ఆధారం 2006 సెప్టెంబరు 14న వచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్. దాని ప్రకారం ‘ఎ’ కేటగిరీ ప్రాజెక్టులకు కేంద్ర పర్యావరణ శాఖ, ‘బి’ కేటగిరీ వాటికి రాష్ట్రస్థాయి ప్రాధికార సంస్థ అనుమతి ఇస్తాయి. అన్నిటికీ సభ ఉండదు. నగరాల్లో చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, 20,000 చదరపు మీటర్లు దాటిన భవన సముదాయాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరే గానీ, ప్రజాభిప్రాయ సేకరణ నుంచి వాటికి మినహాయింపు ఇచ్చారు. అలాంటివి వస్తుంటే సభ కోసం ఎదురుచూడకండి. పర్యావరణ అనుమతుల దరఖాస్తులు ఉండే ప్రభుత్వ ‘పరివేష్’ పోర్టల్‌లో దరఖాస్తు వెతికి, అభ్యంతరాలను నేరుగా రాష్ట్ర ప్రాధికార సంస్థకు రాసి పంపండి.

ప్రకటన పడిన రోజే పని మొదలుపెట్టండి

సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన వేయాలి. పేపర్లు రాని చోట దండోరా వేయించాలని కూడా నోటిఫికేషన్‌లో ఉంది. ప్రకటనను తేదీతో సహా కత్తిరించి దాచుకోండి. గడువు ఇవ్వలేదని తర్వాత నిరూపించాల్సి వస్తే అదే ఆధారం.

ప్రాజెక్టు వల్ల పర్యావరణంపై పడే ప్రభావాన్ని వివరించే ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్ లేదా మున్సిపల్ కార్పొరేషన్ కార్యాలయంలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అందుబాటులో ఉంచాలి. సంక్షిప్త నివేదిక తెలుగులోనూ ఉండాలి. చాలామంది ఆ సంక్షిప్తం చదివి ఊరుకుంటారు. దాంట్లో ఉపాధి, పచ్చదనం, ‘ప్రభావం స్వల్పం’ అన్న మాటలు తప్ప పెద్దగా ఏమీ దొరకవు. పూర్తి నివేదిక అడగండి. ఆఫీసు వేళల్లో చూపించి తీరాలి.

నివేదికను మ్యాప్ పక్కన పెట్టుకుని చదవండి

వందల పేజీలు చూసి బెదిరిపోవద్దు. ప్రస్తుత పరిస్థితిని వివరించే అధ్యాయం, ప్రభావాల అధ్యాయం, పర్యావరణ నిర్వహణ ప్రణాళిక, ఈ మూడూ మీవి. సాధారణంగా ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిని అధ్యయనం చేస్తారు. ఆ పరిధిలో మీకు తెలిసినంత వివరంగా ఏ కన్సల్టెంటుకూ తెలియదు. ఈ బలం మీ చేతిలో ఉంది, వాడుకోండి.

ఏ బోరు నుంచి నీళ్ల నమూనా తీశారు? ఆ బోరు నిజంగా అక్కడ ఉందా? గాలి ఎటు వీస్తుందో చూపించే పటం ఒకటి ఉంటుంది. చువ్వల్లా బయటికి పొడుచుకొచ్చిన పువ్వు ఆకారంలో కనిపిస్తుంది. అందులో గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూసి, అది ప్రాజెక్టు దాటి వెళ్లే వైపున మీ పిల్లల బడి ఉందేమో మ్యాప్‌లో గుర్తించండి. లెక్కలు తీసింది ఒక్క సీజన్‌లోనే అయితే, మిగతా నెలల్లో గాలి మళ్లే దిక్కు గురించి అడగండి. సంబంధం లేని జిల్లా ఊరి పేరు మన నివేదికలో తగిలిందంటే అది వేరేచోటి నుంచి ఎత్తి రాసిన పేరా కావచ్చు. తప్పుడు సమాచారం ఇస్తే దరఖాస్తును తిరస్కరించొచ్చు, ఇచ్చిన అనుమతినీ రద్దు చేయొచ్చు. కాబట్టి పేజీ నంబరు రాసిపెట్టుకోండి.

ఉత్తరం ముందే ఇవ్వండి

సభలో మైకు అందకపోవచ్చు. అభ్యంతరాలను తెలుగులోనే రాసి, సభను నిర్వహించే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. నేరుగా వెళ్లలేకపోతే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి. ఒకే ఉత్తరం మీద వంద సంతకాల కంటే, ఎవరి ఇబ్బంది వాళ్లు రాసిన పది ఉత్తరాలు నయమని నా అభిప్రాయం. పాడి ఉన్నామె మేత గురించి, ఆస్తమా ఉన్నాయన దుమ్ము గురించి రాస్తే ఒక్కో అంశానికీ విడిగా జవాబు చెప్పాల్సి వస్తుంది.

సభలో

కలెక్టరు లేదా అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు. మొదట కంపెనీ ప్రతినిధి ప్రాజెక్టు గురించి వివరిస్తారు. తర్వాత, సభకు వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. మొత్తం వీడియో తీయాలి.

‘మా నీళ్లు పాడైపోతాయి’ అంటే మినిట్స్‌లో ‘కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు’ అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. అదే మాటను ఇలా చెప్పి చూడండి: ‘మీ నివేదిక 84వ పేజీలో చెరువులు రెండే అన్నారు. మా కాలనీకి తూర్పున మూడోది ఉంది. ఇదిగో రెవెన్యూ మ్యాప్, ఇదిగో పోయిన వారం తీసిన ఫొటో. దాని గురించి నివేదికలో ఎందుకు లేదు?’ దీనికి కంపెనీ ఏదో ఒక జవాబు రాయక తప్పదు.

కోపం న్యాయమైనదే అయినా సభను చెడగొట్టకండి. స్థానికులు స్వేచ్ఛగా మాట్లాడే పరిస్థితి లేదని మండలి నివేదిస్తే, అసలు సభే అక్కర్లేదని అనుమతి సంస్థ నిర్ణయించే వీలు నోటిఫికేషన్‌లో ఉంది. బహిష్కరించినా లాభం లేదు. కనీసం ఇంతమంది ఉండాలన్న కోరం అంటూ లేదు కాబట్టి పదిమంది వచ్చినా సభ జరిగినట్టే.

కుర్చీలు ఎత్తేస్తున్నా కదలకండి

ఎక్కువమంది చేజార్చుకునేది ఈ చివరి అరగంటనే. మినిట్స్‌ను సభ చివర్లో తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు అధ్యక్షుడు సంతకం చేయాలి. అప్పటికి భోజనాల వేళ దాటిపోతుంది, జనం పలచబడతారు. కనీసం ఐదారుగురు ఉండి, మీ అంశాల జాబితా చేతిలో పట్టుకుని ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ వినండి. మూడో చెరువు మాట రాలేదనుకోండి, అక్కడికక్కడే లేచి ‘సార్, అది రాయలేదు’ అనండి. ఆ అనడమూ వీడియోలో ఉంటుంది. చదవకుండానే ముగిస్తే, చదవలేదని మర్నాడే మండలికీ అనుమతి సంస్థకూ ఉత్తరం రాయండి.

తర్వాత

నిపుణుల కమిటీ అజెండా, మినిట్స్ పరివేష్‌లో పెడతారు, వారం వారం చూస్తుండండి. అనుమతి వచ్చేస్తే జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది. సరైన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఇవ్వొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. అప్పీలుకు వెళ్లకపోయినా అనుమతి పత్రంలోని షరతులు చదవండి. వాటి అమలుపై కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదికలు సమర్పించాలి. మీరు మినిట్స్‌లో రాయించిన చెరువుకు వాటిలో ఏం రాశారో తీసి చూడండి.