నరసింహకొండ నడిచి ఎక్కడం ఎలా?

నెల్లూరికి పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, పెన్న ఒడ్డున ఉంది నరసింహకొండ. వేదగిరి అని ఇంకో పేరు. పైన లక్ష్మీనరసింహస్వామి గుడి దాకా రోడ్డుంది కాబట్టి చాలామంది బండి మీదే వెళ్లి వచ్చేస్తారు. ఈసారి బండి కిందే పెట్టి నడవండి. చిన్న కొండే, ముందు నుంచి ప్రాక్టీసేం అక్కర్లేదు.

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో మనకు తుఫాన్ల భయం. ఎండాకాలం సంగతి నెల్లూరోళ్లకి వేరే చెప్పాలా? ఏ నెలైనా సరే, తెల్లారేసరికి కొండ కింద ఉండాలి.

హవాయి చెప్పులు మాత్రం వద్దు. నేనొకసారి వాటితోనే వెళ్లాను. ఎక్కడం దర్జాగా ఎక్కాను. దిగేటప్పుడు మలుపులో సన్న ఇసక మీద కాలు జారింది, పట్టీ ఊడింది. ఒక చెప్పు చేత్తో పట్టుకుని కుంటుతూ కిందికొచ్చాను. వెనక పట్టీ ఉన్న చెప్పులైతే జారవు, గుడి దగ్గర విప్పడమూ తేలిక.

మనిషికో లీటరు నీళ్లు పెట్టుకోండి. అరటిపళ్లు, కొబ్బరికాయ జిప్పున్న సంచిలోనే ఉండాలి. కవరు గలగలమంటే చాలు, కోతులు వాలిపోతాయి.

మొదటి పది నిమిషాలే మోసం చేస్తాయి. చల్లగా ఉంది కదా అని చకచకా ఎక్కేస్తే సగంలోనే ఆయాసం వస్తుంది. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగితే అదే మీ వేగం. మాట తెగుతుంటే ఆగి, నిలబడే రెండు గుక్కలు తాగండి. ఎదురొచ్చే బండ్లు కనపడేలా రోడ్డుకి కుడి పక్కనే నడవండి. ఛాతీలో నొప్పిగా ఉన్నా, కళ్లు తిరుగుతున్నా మొహమాటపడకుండా వెనక్కి వచ్చేయడమే.

పైన కనీసం అరగంట ఉండాలి. కింద పెన్న ఇసక తిన్నెలు, అవతలి గట్టున కామాక్షమ్మ ఉన్న జొన్నవాడ. కశ్యప మహర్షి ఇక్కడ యజ్ఞం చేశాడని స్థలపురాణం. ఏడు కోనేర్లున్నాయి, కానీ పాచి పట్టిన మెట్ల మీదికి పిల్లల్ని వదలొద్దు.

అసలు జాగ్రత్త దిగేటప్పుడే. మోకాళ్లు బిగబట్టకుండా కొంచెం వంచి, చిన్న చిన్న అడుగులు వేయండి. ఎండెక్కక ముందే దిగితే, ఊళ్లోకొచ్చి కారందోసె వేడివేడిగా అందుకోవచ్చు.